ఈఫిల్ టవర్ కింద మేసిన గొర్రెల ఊరికి వెళ్లొచ్చాం



మేము ఫ్రాన్స్‌లో చదువుతున్నామని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒక్కటే, ఈఫిల్ టవర్ ఫోటో ఏది అని. నిజం చెప్పాలంటే మా నలుగురిలో ఇద్దరం పారిస్‌ను రైలు కిటికీలోంచి తప్ప చూడలేదు. విమానం దిగి, రైలెక్కి, దక్షిణాన మోంపెలియె వచ్చి పడ్డాం. స్కాలర్‌షిప్ డబ్బులు నెలాఖరుకు ఎట్లా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

కానీ ఒక ఈఫిల్ టవర్ ఫోటో మాకు దొరికింది. యూనివర్సిటీ దగ్గర పాత పుస్తకాల కొట్లో గోడకు అంటించి ఉంది. బ్లాక్ అండ్ వైట్. వెనకాల టవర్, ముందు గడ్డిలో గొర్రెల మంద. మొదట సినిమా షూటింగ్ అనుకున్నాం. కొట్టు ఆయన్ని అడిగితే, "అవి లార్జాక్ గొర్రెలు. 1972లో తమ భూమి పోనివ్వమని చెప్పడానికి రైతులు తోలుకొచ్చారు" అన్నాడు. ఆ లార్జాక్ ఎక్కడుందని అడిగితే నవ్వాడు. మేముండే ఊరికి కారులో గంట దూరమట.

మే నెలలో ఇక్కడ సెలవులు వరసగా వస్తాయి. నాలుగు రోజులు కలిసొచ్చాయి. చిన్న కారు అద్దెకు తీసుకున్నాం. ఈ పోస్టు ఆ నాలుగు రోజుల గురించి. పొడవుగానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు మేమెవరమో చెప్తే మిగతాది అర్థమవుతుంది. ఒకడు ఇంద్రవెల్లి దగ్గర గోండు గూడెం వాడు, మేం తమ్ముడు అంటాం. ఒకాయన గోదావరి ఒడ్డు కోయ, ఊరు పోలవరం ముంపులో ఉంది, మాకు అన్న. ఒకామె పాడేరు వైపు బగత, అక్క. ఫ్రెంచ్ మా అందరిలోకి ఆమెకే బాగా వచ్చు. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన కొలాం పిల్ల చెల్లి. కారు నడిపింది అన్న. ఇక్కడ బండి రోడ్డుకు కుడిపక్కన పోవాలి. మొదటి రౌండెబౌట్ దగ్గర ఆయన ఎడమకు తిప్పాడు. ఎదురుగా వచ్చిన లారీ ఆయన హారన్ కొట్టలేదు, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

లొదేవ్ అనే ఊరు దాటాక రోడ్డు కొండ గోడను పట్టుకుని పైకెక్కుతుంది. ఆ చోటు పేరు పా ద లెస్కలెత్. ఎస్కలెత్ అంటే చిన్న నిచ్చెన. వెనకటి రోజుల్లో అక్కడ బండకు మెట్లు చెక్కి, నిచ్చెనలు వేసి ఎక్కేవాళ్లట. పైకి చేరగానే కొండ ఉండదు, బల్లపరుపుగా నేల మొదలవుతుంది. ఎటు చూసినా రాయి, రాయి మధ్య గడ్డి, గుబురు పొదలు, ఆకాశం. అదే లార్జాక్ పీఠభూమి. సుమారు 1000 చదరపు కిలోమీటర్లు. ఎత్తు ఎక్కువ చోట్ల 600 నుంచి 900 మీటర్లు.

"ఇక్కడ ఏం పండుతది?" అన్నాడు తమ్ముడు. మా అందరికీ వచ్చిన అనుమానం అదే. వాన పడదని కాదు. పడుతుంది, కానీ నేలంతా సున్నపురాయి కాబట్టి పడ్డ నీరు పడ్డట్టే పగుళ్లలోంచి లోపలికి దిగిపోతుంది. వాగు లేదు, చెరువు లేదు. అందుకే ఇళ్ల కప్పుల మీద పడిన వాన నీళ్లు రాతి తొట్లలోకి పట్టుకునేవాళ్లు. గొర్రెలకైతే ఊరి బయట పళ్లెం లాగా గుంట తవ్వి, అడుగున రాళ్లు పరిచేవాళ్లు. దాన్ని లవోన్య్ అంటారు. ఇంకో సంగతి చూసి మేం నోరు తెరిచాం. పెద్ద చెట్లు లేవు కాబట్టి దూలాలకు కర్ర లేదు. అందుకని ఇంటి పైకప్పు దాకా రాతితోనే కమానులు కట్టి నిలబెట్టారు. మనకు కర్ర, మట్టి, వెదురు ఉంటే వాళ్లకు రాయి తప్ప ఏమీ లేదు. ఉన్నదానితోనే కట్టుకున్నారు. టేకు చెట్ల మధ్య పుట్టి కూడా ఇంటికి దూలం కొట్టుకుంటే కేసు పెట్టించుకునే వాళ్లం మనం. ఆ మాట అన్న అంటే నవ్వాం గానీ నవ్వు అంతగా రాలేదు.

మొదటి రోజు లా కువెర్త్వారాద్ అనే ఊరు చూశాం. నోరు తిరగడానికి ఒక పూట పట్టింది. చుట్టూ కోటగోడ, నాలుగు వీధులు, పైన చిన్న కోట. 12వ శతాబ్దంలో ఈ పీఠభూమి టెంప్లర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసుల చేతికి వచ్చింది. వాళ్లు జెరూసలేం యుద్ధాలకు కావలసిన గుర్రాలు, ధాన్యం, డబ్బు ఇక్కడి నుంచి కూడబెట్టారు. 1312లో పోపు వాళ్ల సంఘాన్ని రద్దు చేశాక ఆస్తులు హాస్పిటలర్లు అనే ఇంకో సంఘానికి వెళ్లాయి. ఇప్పుడు కనిపించే కోటగోడ 15వ శతాబ్దంలో ఆ హాస్పిటలర్లు కట్టించినదే. గైడు ఇదంతా కత్తుల కథలాగా చెప్తుంటే చెల్లి మెల్లగా, "మరి గొర్రెలు కాసినోళ్లు ఎవరు?" అని అడిగింది. గైడు ఒక్క క్షణం ఆగి, "వాళ్ల పేర్లు రాసుకోలేదు" అంది.

ఊళ్లో ప్రతి రెండో తలుపుకి ఎండిన పెద్ద పువ్వు కొట్టి ఉంది. కార్దబెల్ అంటారు. ముళ్ల మొక్క, మధ్యలో సూర్యుడిలాగా గుండ్రంగా ఉంటుంది. తెంపి తలుపుకి కొట్టాక కూడా వాన వచ్చే ముందు ముడుచుకుంటుందట. చెడు రాకుండా కాపాడుతుందనీ నమ్ముతారు. ఇప్పుడు దాన్ని ఇష్టమొచ్చినట్టు తెంపనివ్వరు. కొట్లలో మట్టితో చేసిన కార్దబెల్‌లు అమ్ముతున్నారు, కొనలేదు.

మధ్యాహ్నం నడక మొదలుపెట్టాం. ఫ్రాన్స్ అంతటా నడక దారులున్నాయి. చెట్టు మీదో, బండ మీదో తెలుపు గీత, ఎరుపు గీత కనిపిస్తే దారి సరైనదే. రెండూ కత్తెర గుర్తుగా ఉంటే తప్పు దారి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. మే నెల కాబట్టి గడ్డిలో ఈకల్లాంటి వెండి రంగు పోచలు గాలికి ఊగుతున్నాయి. వాటి పేరు దేవదూత వెంట్రుకలు.

దారి పక్కన ఒక డోల్మెన్ కనిపించింది. రెండు నిలువు బండలు, పైన ఒక అడ్డబండ. ఈ ఆవెరాన్ జిల్లాలో అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి, ఫ్రాన్స్‌లో ఇంకే జిల్లాలోనూ అన్ని లేవు. దాదాపు ఐదు వేల ఏళ్ల నాటి సమాధులు. చెల్లి చుట్టూ తిరిగి చూసి, "గిది మన దామరవాయి రాకాసి గూడు లెక్కనే ఉంది" అంది. మేడారం జాతరకు పోయినప్పుడు తాడ్వాయి దగ్గర చూసిందట. అక్కడివి పొదల్లో ఉన్నాయి, వెతుక్కుంటూ పోవాలి. ఇక్కడ బండ పక్కన చిన్న బోర్డు, బోర్డు పక్కన బల్ల, బల్ల మీద రొట్టె తింటున్న ఒక కుటుంబం. ఆ కుటుంబంలో చిన్నపిల్ల డోల్మెన్‌లోకి దూరి దాక్కుంది. ఎవరూ ఏమీ అనలేదు.

అక్కడే ఇంకో చిన్న భయం. గొర్రెల మంద ఎదురైంది. ముద్దుగా ఉందని దగ్గరికి పోబోతే మంద మధ్యలోంచి ఒక గొర్రె లేచి మొరిగింది. అది గొర్రె కాదు, పతూ అనే కాపలా కుక్క. తెల్లగా, దూడంత. తోడేళ్లు మళ్లీ ఈ వైపు వస్తున్నాయని పెంచుతున్నారు. పరుగెత్తకూడదు, కర్ర ఎత్తకూడదు, నిలబడి మెల్లగా మాట్లాడి, దూరంగా చుట్టు తిరిగి పోవాలని బోర్డు మీద రాసి ఉంది. మెల్లగా మాట్లాడమంటే ఏం మాట్లాడాలో తెలియక తమ్ముడు గోండిలో మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో మాకు చెప్పలేదు. కుక్క మాత్రం కూర్చుంది.

రాత్రి బస ఒక జీత్‌లో. జీత్ అంటే ఊళ్లో వాళ్లు తమ పాత కొట్టాన్నో, ఇంటి పై భాగాన్నో బాగు చేసి బాటసారులకు ఇచ్చే గది. ఇంటివాళ్లు ఇద్దరు ముసలివాళ్లు. మాలో మేము తాత, అవ్వ అనుకున్నాం. రెండో రోజు సాయంత్రానికి నేరుగా వాళ్లనే అట్లా పిలవడం మొదలైంది, వాళ్లకూ నచ్చింది. మొదటి రాత్రి అందరికీ కలిపి ఒకే బల్ల మీద సూపు, మాంసం, చివర్లో ఫ్లోన్ అనే తీపి పెట్టారు. గొర్రె పాలతో జున్నుగడ్డ చేశాక మిగిలే నీళ్లను మళ్లీ కాస్తే పైకి తేలే తెల్లటి మీగడ లాంటిదానితో చేస్తారు. ఏదీ పారేయని ఇల్లు అని అక్క అంది.

తాత మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న మా దేశం ఏదని కాదు. "మీ ఇళ్లల్లో భూమి ఉందా?" అని.

మేము ఫోటో గురించి చెప్పాం. ఆయన లేచి లోపలికి పోయి ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఆ రాత్రి పన్నెండు దాటింది.

కథ ఇది. లా కవల్రి అనే ఊరి దగ్గర 1902 నుంచి సైన్యం శిక్షణ శిబిరం ఉంది, సుమారు 3,000 హెక్టార్లు. 1971 అక్టోబరులో రక్షణ మంత్రి మిషెల్ దెబ్రే దాన్ని 17,000 హెక్టార్లు చేస్తామన్నాడు. మన లెక్కలో 42 వేల ఎకరాలు. పైన ఉండేది కొద్దిమంది రైతులు, రాళ్ల నేల, ఎవరూ పట్టించుకోరని అనుకున్నారు. 1972 మార్చిలో, భూమి పోయేవాళ్లలో 103 మంది రైతులు కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టారు. మేం ఎవరమూ అమ్మం అని. తాత వాళ్ల నాన్న ఆ 103లో ఒకరు. తాతకి అప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి.

సంతకాల వెనక మనం గుర్తు పెట్టుకోవాల్సిన ఒక మనిషి ఉన్నాడు. లాంజా దెల్ వాస్తో. ఇటలీలో పుట్టాడు, 1937లో వార్ధా పోయి గాంధీ దగ్గర ఉన్నాడు. గాంధీ ఆయనకు శాంతిదాస్ అని పేరు పెట్టాడు. లార్జాక్‌కు దగ్గరలోనే ఆశ్రమం పెట్టుకుని ఉండేవాడు. సంతకాలకు ముందు లా కవల్రిలో 15 రోజులు ఉపవాసం చేశాడు. రైతులు మొదట ఆ గడ్డం మనిషిని వింతగా చూశారట. చర్చికి పోయే, జనరల్ డిగోల్‌కు ఓటేసే రైతులు వాళ్లు. "మేం ఉద్యమం చేసేవాళ్లం కాదు, గొర్రెలు కాసేవాళ్లం. ఆయన ఆకలితో కూర్చుంటే మాకు సిగ్గేసింది" అన్నాడు తాత.

తర్వాత పదేళ్లు. 1972 అక్టోబరులో 60 గొర్రెలను లారీల్లో పారిస్ తీసుకుపోయి ఈఫిల్ టవర్ కింద వదిలారు. పోలీసులు గొర్రెల వెంట పరుగెత్తుతున్న ఫోటో తాత పెట్టెలో ఉంది. 1973 జనవరిలో 26 ట్రాక్టర్లు పారిస్ వైపు బయలుదేరితే ఓర్లియాన్ దగ్గర ఆపారు. ఆ ఎండాకాలం రజల్ దెల్ గోర్ప్ అనే బండల బయలులో వేల వేల మంది పోగయ్యారు. 1978 చివర్లో ఇక్కడి నుంచి పారిస్ దాకా 700 కిలోమీటర్లకు పైగా నడిచారు. ఇంకో ఉపాయం మాకు బాగా నచ్చింది. మధ్యలో ఉన్న భూముల్ని చిన్న చిన్న వాటాలుగా దేశమంతా ఉన్న మద్దతుదారులతో కొనిపించారు. ఒక్క చెక్క భూమి లాక్కోవాలంటే వందల మందికి నోటీసులు పోవాలి.

అన్నీ నవ్వుతూ చెప్పలేదు. కొందరు భయపడి అమ్ముకున్నారు, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. 1975లో లా బ్లాకియేర్‌లో ఒక రైతు ఇంటి దగ్గర రాత్రిపూట బాంబు పేలింది. ఇంట్లో పిల్లలు నిద్రపోతున్నారు. బతికారు. ఆ మాట దగ్గర అవ్వ లేచి గిన్నెలు కడగడానికి పోయింది.

1981 మేలో మిత్తెరాన్ అధ్యక్షుడిగా గెలిచాడు. జూన్‌లో విస్తరణ రద్దయింది. ఆ రాత్రి ఊళ్లలో డాన్సులు చేశారట. తాత చేతులు ఊపుతూ ఎట్లా ఆడారో చూపించాడు.

1981 అనగానే మేమందరం తమ్ముడి వైపు చూశాం. వాడు ఫ్రెంచ్‌లో తడుముకుని, అక్క సాయంతో చెప్పాడు. అదే ఏడు ఏప్రిల్ 20. సోమవారం. ఇంద్రవెల్లి సంత. భూముల గురించి గిరిజన రైతు కూలీ సంఘం మీటింగ్ పెట్టింది, అనుమతి లేదన్నారు. సంతకు వచ్చినవాళ్లు, మీటింగ్‌కు వచ్చినవాళ్లు అని తేడా లేకుండా పోలీసులు కాల్చారు. ప్రభుత్వం లెక్క 13 మంది. ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకు చాలా ఎక్కువ. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు ఏప్రిల్ 20 వస్తే స్తూపం దగ్గరికి పోయి పువ్వు పెట్టడానికి కూడా ఆంక్షలు. వాళ్ల అవ్వ ఆ రోజు సంతకు పోయింది. తిరిగొచ్చింది. ఆమె ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేము డాన్సు చేస్తున్నప్పుడు మీ ఊళ్లో ఇంకా..." అని ఆపేశాడు. అవ్వ వచ్చి తమ్ముడి గిన్నెలో మళ్లీ సూపు పోసింది. వాడికి ఆకలి లేదు, అయినా తాగాడు.

రెండో రోజు తాతే మమ్మల్ని లా బ్లాకియేర్ తీసుకుపోయాడు. అక్కడ పెద్ద రాతి గొర్రెల కొట్టం ఉంది. శిబిరం విస్తరించే చోట ఏదీ కట్టనివ్వలేదు కాబట్టి అనుమతి లేకుండానే 1973లో మొదలుపెట్టి కట్టారు. పట్నాల నుంచి వచ్చిన పిల్లలు, వేరే దేశాల వాళ్లు రాళ్లు మోశారు. డబ్బు ఎక్కడిదంటే, దేశంలో కొందరు తాము కట్టాల్సిన పన్నులో 3 శాతం సైన్యం వాటా అని ఆపేసి ఇక్కడికి పంపారు. కొన్ని రాళ్ల మీద చెక్కిన రాతలు ఉన్నాయి. ఒకచోట గోడ వంకరగా ఉంటే, "అది నేను కట్టిందే" అన్నాడు తాత.

ఇప్పుడు భూమి ఎవరిది అని అన్న అడిగాడు. ఇది విన్నాక మేం రాత్రంతా వాదించుకున్నాం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం. సైన్యం అప్పటికే సుమారు 6,300 హెక్టార్లు కొనేసింది. పదిహేను వేల ఎకరాలకు పైనే. గెలిచాక ఆ భూమి అమ్మలేదు, పంచలేదు. ప్రభుత్వం పేరునే ఉంచి, రైతులే ఏర్పాటు చేసుకున్న ఒక సంస్థకు 1985లో దీర్ఘకాలపు లీజుకు ఇచ్చారు. ఇప్పుడు ఆ లీజు 2083 దాకా ఉంది. ఎవరికి ఏ పొలం, ఏ ఇల్లు అనేది ఆ సంస్థ తేలుస్తుంది. వ్యవసాయం చేసినన్నాళ్లే నీది. రిటైర్ అయితే వదిలిపెట్టాలి. కొడుకు వ్యవసాయం చేస్తానంటే అడగొచ్చు, కానీ కొడుకు అయినంత మాత్రాన రాదు. తాత గొర్రెలూ కొట్టమూ ఇప్పుడు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక కుర్ర జంట చూసుకుంటున్నారు. "పొద్దున వాళ్ల గొర్రెల గంటలు వినిపిస్తే నా చెయ్యి ఇంకా కర్ర కోసం వెతుకుతుంది" అన్నాడు.

మనకు 1/70 ఉంది, పెసా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి లేదు. గ్రామసభకు సామూహిక హక్కు కూడా అదే చట్టంలో ఉంది. లార్జాక్ వాళ్లు పదేళ్లు కొట్లాడి తెచ్చుకున్నట్టిది మన చట్టం పుస్తకంలో అచ్చేసి ఉందని అక్క అంది. అన్న ఒప్పుకోలేదు. "వాళ్లు అమ్మం అంటే ప్రభుత్వం కొనడానికి వచ్చింది. మమ్మల్ని అమ్ముతారా అని ఎవరడిగారు? ఏడు మండలాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు మా అమ్మకు రేషన్ కార్డు చేతికొచ్చాకే తెలిసింది" అన్నాడు. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు లేవాలి. వాళ్ల కుటుంబం ఇప్పుడు కాలనీ ఇంట్లో ఉంది. గుమ్మం ముందు సిమెంటు రోడ్డు, ఇప్ప చెట్టు లేదు. అక్కడ గెలిచారు కాబట్టి ఇక్కడా అట్లాగే చేస్తే గెలుస్తాం అని ఎవరైనా సులువుగా రాస్తే నమ్మకండి. వాళ్లకు ఓటు బలం తక్కువే అయినా దేశం సగం వాళ్ల మాట వింది. మన మాట వినడానికి ముందు మన భాష అర్థం కావాలి.

భాష సంగతి కూడా అక్కడే వచ్చింది. గోడల మీద ఇంకా పాత నినాదం కనిపిస్తుంది, గార్దారెమ్ లు లార్జాక్. లార్జాక్‌ను కాపాడుకుంటాం అని. అది ఫ్రెంచ్ కాదు, ఆక్సితాన్. దక్షిణ ఫ్రాన్స్ పల్లెల సొంత భాష. బడిలో ఆ భాష మాట్లాడితే పిల్లల మెడలో ఒక చెక్క ముక్కో, చెప్పో వేలాడదీసేవాళ్లు. ఇంకో పిల్ల మాట్లాడుతూ దొరికితే వాళ్ల మెడలోకి మార్చాలి. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్లకు శిక్ష. వాళ్ల అమ్మకు అట్లా జరిగిందని అవ్వ చెప్పింది. అందుకే అమ్మ అవ్వకు ఆ భాష నేర్పలేదు, అవ్వ చాటుగా విని నేర్చుకుంది. చెల్లి ఏడుస్తుందని మేం అనుకోలేదు. హాస్టల్లో కొలామీ మాట్లాడితే రూపాయి ఫైను ఉండేదట. మూడో తరగతిలో ఆమె దగ్గర రూపాయి లేక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇదంతా చదివి మేం నాలుగు రోజులూ ఏడుస్తూ కూర్చున్నామనుకోకండి. మూడో రోజు మియో మీదుగా తార్న్ నది లోయకు పోయాం. మియో దగ్గర లోయ మీద పెద్ద వంతెన ఉంది, 343 మీటర్ల ఎత్తు, ఈఫిల్ టవర్ కంటే ఎక్కువ. బాగుంది, చూశాం, ఫోటో కింద పెడుతున్నాం, అంతే.

తార్న్ లోయ మాత్రం రోజంతా చూసినా చాలదు. రెండు పక్కలా నాలుగైదు వందల మీటర్ల రాతి గోడలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్లు. పాపికొండల మధ్య గోదావరిని సన్నగా చేసి, అడవి బదులు రాయి పెడితే ఎట్లుంటుందో అట్లుంది. లా మలేన్ దగ్గర కనూ పడవలు అద్దెకిస్తారు. లైఫ్ జాకెట్, బట్టలకు మూత బిగించే డబ్బా, తెడ్లు ఇచ్చి, దిగువన ఎక్కడ దిగాలో చెప్తారు. ఆ చోటు దాటి పోకూడదు. ఇంకా కిందికి పోతే పా ద సూసి దగ్గర కొండ విరిగిపడిన బండల్లోకి నది దూరిపోతుంది. అన్న చిన్నప్పుడు తాటి దోనె మీద తిరిగినవాడు. "నాకు నేర్పుతారా" అని ఎక్కాడు. దోనె మీద నిలబడే అలవాటుతో కనూలో నిలబడ్డాడు. మే నెల నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో ఆయన్నే అడగండి. ఆయనతో పాటు పడిన తమ్ముడిని అడక్కండి, ఇంకా కోపంగా ఉన్నాడు.

ఇరుకు దగ్గర రెండు గోడలూ దగ్గరికొస్తాయి, మాట ఎవరూ ఎత్తరు. అక్కడ నీడ మా మీద జరిగితే పైకి చూశాం. రాబందులు.

సాయంత్రం జోంత్ లోయలో వాటిని దగ్గర్నుంచి చూసే చోటికి పోయాం. రెక్కల మధ్య రెండున్నర మీటర్లకు పైనే. 20వ శతాబ్దంలో ఇక్కడ ఒక్కటి కూడా మిగలకుండా పోయాయి, కాల్చారు, విషం పెట్టారు. తర్వాత పెంచి మళ్లీ వదిలారు. ఎప్పటి నుంచి వదిలారో బోర్డు మీద చూసి మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 1981. చచ్చిన గొర్రెల్ని రైతులే నిర్ణయించిన చోట్ల వేస్తారు, రాబందులు శుభ్రం చేస్తాయి. మన దేశంలో పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వల్ల, ఆ కళేబరాలు తిని నూటికి తొంభైకి పైగా రాబందులు పోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కొన్ని కనిపించాయి. మన జిల్లా పిల్లలు ఎంతమంది వాటిని చూశారు? మేమూ చూడలేదు. ఫ్రాన్స్ దాకా వచ్చి రాబందును చూశాం.

నాలుగో రోజు రోక్‌ఫోర్ గుహలు. త్వరగా చెప్పేస్తాం. కొంబలూ అనే కొండ విరిగి పడిన చోట లోపల గుహలున్నాయి, బండల పగుళ్లలోంచి చల్లగాలి తనంతట తానే వస్తుంది. గొర్రె పాల చీజ్‌ను అక్కడ బూజు పట్టించి మాగబెడతారు. 1925లోనే దానికి చట్టంతో పేరు రక్షణ వచ్చింది. ఆ గుహల్లో మాగనిది ఆ పేరుతో అమ్మకూడదు. మన అరకు కాఫీకి 2019లో వచ్చిన జీఐ లాంటిదే. రుచి చూడమని ఇస్తే చెల్లి రుమాల్లో దాచి బయట పారేసింది. అక్క మాత్రం సగం కిలో కొంది. మా ఫ్రిజ్ ఇప్పటికీ వాసన వస్తోంది.

తిరిగొచ్చేముందు తాత వాళ్లింటికి మళ్లీ పోయాం. దూరంగా ఢాం ఢాం అని వినిపించింది. పాత శిబిరం ఇంకా ఉంది, 2016 నుంచి ఫారిన్ లీజియన్ దళం అక్కడ ఉంటోంది. "అది పెరగలేదు, కానీ పోలేదు" అన్నాడు తాత. ఆయన ఆ చప్పుడుకి తల కూడా తిప్పలేదు.

అక్కడి నుంచే తమ్ముడు ఇంటికి వీడియో కాల్ చేశాడు. అక్కడ రాత్రి అయింది. ముందు వాళ్ల అవ్వకు గొర్రెల్ని చూపించాడు. ఇన్ని గొర్రెలకు ఇంత గడ్డి ఎక్కడిదని ఆమె అడిగింది. తర్వాత తాతను చూపించి, భూమి కోసం కొట్లాడినాయన అని చెప్పాడు. ఆమె కొంచెంసేపు చూసి, ఎవరైనా చచ్చిపోయారా అని అడిగింది. లేదు అవ్వా అన్నాడు. అప్పుడు ఆమె తనంతట తానే మొదలుపెట్టింది. ఆ రోజు సంతకు ఏం తీసుకుపోయింది, ఎవరితో పోయింది, ఏ చెట్టు వెనక కూర్చుంది. తెలుగులో మొదలుపెట్టి గోండిలోకి పోయింది. తమ్ముడు రికార్డు నొక్కాడు. తాత, అవ్వ, మేము ముగ్గురం ఆ గొర్రెల కొట్టం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఇరవై రెండు నిమిషాలు.

అందులో కొన్ని మాటలు తమ్ముడికి అర్థం కాలేదు. హాస్టల్లో పెరిగినవాడు, వాడి గోండి ఇంటి గుమ్మం దాకే. వాళ్ల నాన్నకూ రెండు మూడు మాటలు తెలియలేదు. గ్రూప్‌లో ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు వైపు పాత గోండి బాగా వచ్చిన పెద్దలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే మాకు మెసేజ్ పెట్టండి. రికార్డింగ్ గ్రూప్‌లో పెట్టం, అవ్వ వద్దంది. ఒక్కొక్కరికి విడిగా, ఆ మాటలున్న చోటు వరకు కోసి పంపిస్తాం. వచ్చే నెల పరీక్షల లోపు రాసి పెట్టుకోవాలని చూస్తున్నాం.